ఆటగాండ్రగు బిడ్డలు: తల్లిదండ్రుల బాధ్యత

(తడలో జరిగిన సంఘ వార్షిక మహాసభయందు చేయబడిన ఉపన్యాసము)



మాకీ సభలో నొసగబడిన విషయము "యువజనులు, వ్యాయామము" అని కార్యక్రమపత్రికలో అచ్చుపడియున్నది. ఆ శీర్షిక క్రింద పూర్వుల బలపరాక్రమములను వర్ణించుచు నొక గంట గడపుట కష్టము కాదు. వినువారికిని హాయిగనే యుండును. కాని ఉదయమున చదువబడిన జమాఖర్చుల నివేదిక మా మనస్సును వేఱు త్రోవకు లాగినది. అందు క్రీడల పద్దున శాలువలు గలవు, జ్ఞాపికలు గలవు, గెలిచివచ్చిన బిడ్డను ఊరేగించుటకైన బండి యద్దెయు గలదు. ఆ బిడ్డ గెలుచుటకు పూర్వమైన ఖర్చు ఒక్కటియు లేదు. ఇది కార్యదర్శిగారి లోపము కాదు. మన యిండ్లలోని లెక్కయు నిట్లే యున్నది. పతకము తెచ్చిన దినమున పిండివంట, తేక పూర్వము "ఆటలు కూడు పెట్టునా?" యను ప్రశ్న. ఈ రెంటి నడుమ గడచు ఎనిమిది పది సంవత్సరములలో తల్లిదండ్రులేమి చేయవలెను, ఏమి చేయరాదు, బిడ్డకు శిక్షణ యిచ్చు గురువునకెట్లు తోడ్పడవలెను అను సంగతులనే మేము మీ యెదుట నుంచదలచితిమి.

మనకు మిక్కిలి చేరువనున్న నిదర్శనమును మొదట తీసికొందము. తడనుండి సత్యవేడునకు పోవు త్రోవ మీకందఱకు తెలిసినదే. శ్రీసిటీ కర్మాగారములకు మన యాడుబిడ్డలు బస్సులెక్కి పోవుచున్నది ఆ వైపునకే. ఆ సత్యవేడు మండలములోని చెంచురాజుకండ్రిగ, దొమ్మరాజు గుకేశు పూర్వుల గ్రామమని పత్రికలు వ్రాసినవి. అతడు పుట్టి పెరిగినది చెన్నపట్టణము. 2024 డిసెంబరు 12వ తేదీన సింగపూరులో చీనాదేశీయుడగు డింగు లిరెనును 7½–6½ పాయింట్లతో నోడించి, పదునెనిమిదేండ్ల ప్రాయముననే చదరంగమున ప్రపంచవిజేత యయ్యెను. వెంటనే రెండు రాష్ట్రముల ముఖ్యమంత్రులును అతనిని తమవానిగ చెప్పుకొని యభినందించిరి. గెలిచినవానికి బంధువులు పెరుగుట లోకసహజము. అంతకు ఆరేడేండ్లకు పూర్వము ఈ బంధువులమందఱమును ఎక్కడ నుంటిమి? అప్పుడు తండ్రి, చెవి ముక్కు గొంతు వ్యాధుల వైద్యుడు, తన వృత్తిని నిలిపివైచి కుమారుని వెంట పోటీలకు దేశదేశములు తిరిగెను. సూక్ష్మజీవిశాస్త్రమున నిపుణురాలగు తల్లి సంపాదనతో ఇల్లు గడచెను. చాలనప్పుడు స్నేహితులు చేయూత నిచ్చిరి. 2019 జనవరిలో, పండ్రెండేండ్ల యేడు నెలల ప్రాయమున, గ్రాండుమాస్టరు బిరుదము వచ్చినది.

చదరంగము కూర్చుండి యాడు నాటయే గదా, దానికిని వ్యాయామమునకును నేమి సంబంధమని యెవరైన నడుగవచ్చును. బిడ్డ కాలితో నాడినను బుద్ధితో నాడినను ఇంటిమీద పడు భారమొక్కటియే. మఱియు నిందు ప్రత్యేకముగ గమనింపవలసినది వేఱొకటి కలదు. శిక్షకుడగు విష్ణు ప్రసన్న మొదటి సంవత్సరములలో ఆ బాలుని కంప్యూటరు సాయమునకు దూరముగ నుంచి, స్వబుద్ధితో ఎత్తులు లెక్కించుట నేర్పెను. ఆ కాలమున తోడి యాటగాండ్రు యంత్రముల సాయముతో సాధన చేయుచుండిరి. "అందఱు పోవు త్రోవ విడిచి మా బిడ్డ నేల వేఱు త్రోవను నడిపించుచున్నారు?" అని తలిదండ్రులు పట్టుపట్టియుండిన ఆ పద్ధతి నాలుగు నెలలు సాగెడిదా? టిక్కెట్టు కొనుట తల్లిదండ్రుల పని; ఎత్తు నేర్పుట గురువు పని. ఈ సరిహద్దును గుర్తెఱుగుటయే మేము చెప్పదలచిన దానికంతకును మూలము.

పూసర్ల వేంకట సింధు తల్లిదండ్రుల విషయము కొంత భిన్నము. వారిద్దఱును వాలీబాలు క్రీడాకారులే. తండ్రి రమణ 1986లో సియోలు ఆసియా క్రీడలలో కాంస్యపతకము గెలిచిన భారతజట్టులోనివాడు; 2000లో అర్జున పురస్కారము నొందెను. అట్టి యింట పుట్టిన పొడవైన పిల్లను వాలీబాలు మైదానమునకు కొనిపోవుట యెంత సహజము! వారట్లు చేయలేదు. 2001లో గోపీచందు ఆల్ ఇంగ్లండు పోటీలో గెలుచుటతో బిడ్డ మనస్సు బ్యాడ్మింటను పైకి పోయినది. ఎనిమిదవయేట రాకెట్టు చేతికి వచ్చినది. సికిందరాబాదునుండి గచ్చిబౌలి శిక్షణాలయమునకు రానుపోను దినమునకు 50 కిలోమీటర్లకు పైబడిన ప్రయాణము. ఆటలో తలపండిన తండ్రి ఆ ప్రయాణపు భారమును వహించి, శిక్షణమును గోపీచందునకు విడిచెను. 2016లో రియో ఒలింపిక్సున రజతము, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్సున కాంస్యము వచ్చినవి. రియోకు ముందు మూడు మాసములు గురువు ఆమె సెల్‌ఫోను తీసివైచిన సంగతి ఎల్లరకును తెలిసినదే. నియమము పెట్టుట గురువునకు సులభము. ఇంటిలో నెవరైన జాలిపడి తమ ఫోనును చాటుగ నిచ్చిన ఆ నియమము రెండు దినములు నిలువదు. మన యిండ్లలో తఱచుగ జరుగునది ఇదియే. మాష్టరు వలదన్న చిరుతిండి నాయనమ్మ కొంగున ముడివేసి తెచ్చును. వేకువ సాధనకు పోవలసిన బిడ్డను "పాపము, రాత్రి యాలస్యముగ పరుండెను" అని తల్లి లేపదు. ప్రేమతోనే చేయుదురు. కాని యిద్దఱు యజమానుల నడుమ జీతగాడు చెడినట్లు, బిడ్డ చెడును.

ఆడుబిడ్డల విషయమున మనవారి నడత చెప్పుటకు కొంత సంకోచమగుచున్నది. ఐనను సభలో తల్లులు పెక్కండ్రు కూర్చుండియున్నారు గాన చెప్పక తీఱదు. ఏడవ తరగతి వఱకు మన బాలికలు మగపిల్లలతో సమానముగ పరుగెత్తుదురు. పెద్దమనిషియైన దినముతో ఆట ముగియును. మాష్టరు ఇంటికి వచ్చి యడిగిన, "పెండ్లి కావలసిన పిల్ల, కాలో చేయో విఱిగిన నెవరు చేసికొందురు?" అని సమాధానము. శ్రీకాకుళము జిల్లా వూసవానిపేట యను చిన్న గ్రామమున పెరిగిన కరణం మల్లీశ్వరికి బరువులెత్తుటలో తొలి గురువు నీలంశెట్టి అప్పన్న. ఇంట ధైర్యము చెప్పి ముందునకు నడిపినది తల్లి. 2000 సెప్టెంబరు 19వ తేదీన సిడ్నీలో మొదటి పద్ధతిని 110 కిలోలును, రెండవ పద్ధతిని 130 కిలోలును, మొత్తము 240 కిలోలెత్తి కాంస్యము గెలిచి, ఒలింపిక్సున పతకము పొందిన తొలి భారతీయవనిత యయ్యెను. అప్పటి కామెకు వివాహమై మూడేండ్లు. బరువులెత్తిన పిల్లకు సంబంధములు రావని చెప్పువారు ఈ లెక్కను గూడ చూడవలెను.

విశాఖపట్టణపు యర్రాజి జ్యోతి తండ్రి కావలి యుద్యోగి. తల్లి ఇండ్లలో పనిచేసి బిడ్డను పెంచినది. ఆ బిడ్డ 2023లో బ్యాంకాకున జరిగిన ఆసియా పోటీలలో 100 మీటర్ల హర్డిల్సు పరుగున స్వర్ణము గెలిచి, 2024లో పారిస్ ఒలింపిక్సున ఆ పరుగునకు దిగిన తొలి భారతీయురాలయ్యెను. ఆ తల్లిదండ్రుల చేత ధనము లేదు. పోనిచ్చు మనస్సు మాత్రము కలదు.

మనస్సుండియు ధనము లేనిచో నేమగునో వరంగల్లు జిల్లా కల్లెడ గ్రామపు జీవంజి దీప్తి కథ చెప్పును. చిన్ననాటినుండి బుద్ధివికాసమున కొంత వెనుకబాటు. ఇరుగుపొరుగు మాటలు తల్లిదండ్రులు పడరానివి పడిరి. వారు కూలివారు. బడిలోని వ్యాయామోపాధ్యాయుడు ఆమె పరుగును గుర్తించెను. పిదప నాగపురి రమేశు శిక్షకుడయ్యెను. హైదరాబాదునకు పంపుడనగా బస్సు ఛార్జికి సైతము తడుముకొనవలసిన స్థితియని పత్రికలలో వచ్చినది. ఇతరులు పూనుకొని సాయపడిరి. 2024 మే నెలలో జపానుదేశపు కోబే నగరమున 400 మీటర్లను 55.07 సెకండ్లలో పరుగెత్తి తన తరగతిలో ప్రపంచరికార్డు నెలకొల్పెను. ఆ సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్సున కాంస్యము గెలిచెను. ఆ ఛార్జి సమకూడకయుండిన ఆ పరుగు కల్లెడ పొలిమేర దాటెడిదా? మన తడ బస్సు స్టాండున నిలిచియున్న పిల్లలలో నెవరి పరుగు ఎంతటిదో మనకేమి తెలియును?

ఇక గురువు సంగతి. మన పల్లెలలో శిక్షకుడనగా బడిలోని డ్రిల్లు మాష్టరే. వీరఘట్టము కోడి రామమూర్తి మద్రాసు సైదాపేటలో వ్యాయామశిక్షణ పొంది విజయనగరమున డ్రిల్లు మాష్టరుగ పనిచేసినవాడే. తల్లిలేని ఆ బాలుని చేరదీసి పెంచినవాడు పినతండ్రి యను మాటయు నీ సందర్భమున స్మరింపదగినది. తల్లిదండ్రుల బాధ్యతయని మేమనునది కొన్ని యిండ్ల పినతండ్రులకును మేనమామలకును జెందును. హైదరాబాదు సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిచే బడిపంతులు. ఆయన తీర్చిన భారత ఫుట్‌బాలు జట్టు 1951లోను 1962లోను ఆసియా క్రీడల స్వర్ణములు గెలిచి, 1956లో మెల్బోర్ను ఒలింపిక్సున నాలుగవస్థానము నందెను. అట్టి పనిని మనము లెక్కల పంతులు పనికన్న తక్కువగ చూచుచున్నాము. పరీక్షలు సమీపింపగనే డ్రిల్లు గంటను లెక్కలకిచ్చుట ఎన్నియో బడులలో నాచారమైనది. ఒక్క తండ్రియైన పోయి "మా బిడ్డల డ్రిల్లు గంట యేమైనది?" అని ప్రధానోపాధ్యాయుని అడిగెనా? అడిగిన ఆ మాష్టరునకు ఏనుగంత బలము వచ్చును. శాలువకన్న అది మేలు.

గురువునకు చేయవలసిన సాయమున హెచ్చుభాగము సమాచారమే. ఇరకము దీవినుండి పడవపై రావలసిన బిడ్డకు పడవ వేళ యొకటి కలదు. కర్మాగారమున రాత్రి షిఫ్టు చేయు తల్లికి ఇల్లు చేరు వేళ యొకటి కలదు. ఇవి ముందుగ తెలిసిన మాష్టరు సాధనవేళను సర్దుకొనును. తెలియకున్న బిడ్డ సోమరియని తలంచి దండించును. బిడ్డకు రాత్రి జ్వరము తగిలినదా, మోకాలు నొచ్చుచున్నదా, ఇంట నేదైన కలతయా, ఇవన్నియు గురువునకు తెలియవలసినవే. గురువుపై ఆక్షేపణ యున్నచో సాధన ముగిసిన పిదప, బిడ్డ వినకుండ, ఆయనతోనే చెప్పవలెను. టీ కొట్టు దగ్గఱ చెప్పిన మాట మఱునాటికి బిడ్డ చెవిని పడును. అటుపిమ్మట ఆ గురువు చెప్పిన దేదియు బిడ్డ తలకెక్కదు. తన కొడుకును జట్టులో నిలుపుమని పెద్దల సిఫారసు తెచ్చుటను మేమొక విధమగు దొంగతనముగనే యెంచుచున్నాము. ఆ చోటు మఱియొక బిడ్డది.

మైదానపు గీత వెలుపల నిలుచు తండ్రులనుగూర్చి రెండు మాటలు. కూతకు పోయిన బిడ్డతో "కాలందించు, వెనుకకు రా, ఎడమకు పో" అని యఱచువారిని ప్రతి కబడ్డీ పందెమునను చూచుచున్నాము. లోపలి బిడ్డకు చెవులు రెండే. ఒకదాన గురువు మాట, రెండవదాన తండ్రి మాట. ఏది వినవలెనో తేలకముందే కూత తెగును. ఓడి వచ్చు బిడ్డను ఇంటి త్రోవలోనే విచారణ సేయుట మఱొక దురాచారము. ఏమి తప్పిపోయినదో బిడ్డకును తెలియును, మాష్టరునకును తెలియును. ఆ రాత్రి అన్నము పెట్టి నిద్రపోనిండు.

ఆహారమునుగూర్చి విస్తరించి చెప్పనక్కఱలేదు. డబ్బాలలో నమ్ము బలపుపొడులకన్న మన రాగిసంగటి, వేరుసెనగ, గ్రుడ్లు, పులికాటు చేపలు మేలు. అమ్మకమునకు పోవు రొయ్యలలో గుప్పెడు ఇంటిబిడ్డకు మిగిల్చిన వ్యాపారము చెడదు. ఈ సముద్రతీరపు ఉక్కలో దాహమగుటకు ముందే నీరు త్రాగవలెను. ఉప్పు వేసిన మజ్జిగ చాలును. ఆడుబిడ్డలకు రక్తపరీక్ష చేయింపుడు. 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో ఆంధ్రరాష్ట్రమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 58 మందికి పైగ రక్తహీనత గలవారని తేలినది. అట్టి బిడ్డ పరుగున వెనుకబడిన అది బద్ధకము కాదు. పదుమూడు మొదలు పదునెనిమిదేండ్ల వారికి రాత్రి ఎనిమిది గంటలకు తక్కువ కాని నిద్ర కావలెను. వారమునకొక దినమైనను విశ్రాంతి యుండవలెను. బిడ్డ వయస్సెన్ని యేండ్లో వారమునకన్ని గంటలకు మించి ఒకే యాటను అభ్యసింపరాదని వైద్యుల మాట. పదేండ్ల బిడ్డను వారమునకు ఇరువది గంటలు త్రోలుట ఎముకలకు చేటు.

జనన ధ్రువపత్రమున రెండేండ్లు తగ్గించి వ్రాయించుట, ఎవరో యిచ్చిన సూదిమందు ఒప్పుకొనుట: ఈ రెండును మన జిల్లాలకు క్రొత్తవి కావు. మొదటిది ఎముకల పరీక్షలో బయటపడును. రెండవది బిడ్డ దేహమునే తినివేయును.

గురువును గౌరవింపుడంటిమి. కన్నులు మూసికొని నమ్ముడని యనలేదు. శిక్షణ జరుగు చోటు తల్లిదండ్రులు ఎప్పుడైన వచ్చి చూడదగినదై యుండవలెను. బాలికలు పైయూరి పోటీలకు పోవునప్పుడు వెంట స్త్రీ యొకతె పోవలెను. బిడ్డ ఉన్నట్టుండి "నేనిక ఆటకు పోను" అని మొండికేసిన, తిట్టకముందు కారణమడుగుడు. చెప్పిన మాట నమ్ముడు. పదునెనిమిదేండ్లలోపు బాలబాలికల రక్షణకు 2012 నాటి పోక్సో చట్టము కలదు. 1098 అను ఫోను సంఖ్య కలదు. మంచి గురువు ఈ జాగ్రత్తలకు నొచ్చుకొనడు.

ధనము మాటకు వత్తము. 2025 ఫిబ్రవరిలో గోపీచందే, ఆస్తిగాని యాధారముగాని లేని మధ్యతరగతి కుటుంబములు బిడ్డల జీవనమునంతయు క్రీడపై నొడ్డుట ప్రమాదమని హెచ్చరించెను. జగజ్జేతలను తయారుచేసిన గురువు పలికిన మాట గాన తోసిపుచ్చదగినది కాదు. వైజాగు నితీశు కుమారు రెడ్డి తండ్రి కుమారుని క్రికెట్టుకై తన యుద్యోగమును విడిచెను. 2024 డిసెంబరులో మెల్బోర్నున ఆ కుమారుడు శతకము చేయగా తండ్రి గ్యాలరీలో కన్నీరు విడిచెను. ఆ దృశ్యము చూచి మనలో కొందఱు ఉద్యోగములు విడువ నుత్సహించిరని వింటిమి. వలదు. విడిచిన యుద్యోగములన్నియు శతకములు కావు. బిడ్డ చదువు సాగవలెను, ఇంటి పొయ్యి వెలుగవలెను, ఆటయు సాగవలెను. ఇది ఒక్క కుటుంబమునకు మించిన పని గనుకనే సంఘముతో అవసరము కలుగుచున్నది.

ఆ యవసరమెట్టిదో చూడుడు. తడ 2022లో నెల్లూరు జిల్లానుండి తిరుపతి జిల్లాలో చేరినది. జిల్లాపోటీలకు పోవు దిక్కు మాఱినది. మంచి మైదానములుగల చెన్నపట్టణము రైలుదారిని చేరువయే. 2025 ఆగస్టు 15నుండి ఆంధ్రరాష్ట్రమున స్త్రీలకు పల్లెవెలుగు మొదలగు బస్సులలో ఛార్జి లేదు గాన బాలికల ఖర్చు కొంత తగ్గినది. మిగిలినవి మగపిల్లల ఛార్జీలు, రైలు టిక్కెట్టు, ఆరునెలలకొకసారి అఱిగిపోవు బూట్లు, పోటీ దినములలో భోజనము. వీటన్నిటికన్న బరువైనది మఱొకటి: వెంట పోవు తల్లి లేక తండ్రి కోల్పోవు ఆనాటి కూలి. బిడ్డను పంపలేమను తల్లిదండ్రులలో పెక్కండ్రకు ఆటపై ద్వేషము లేదు. ఆ కూలి పోయిన నాటి రాత్రి వంట లేదు.

కావున క్రీడల పద్దున శాలువలకును ఊరేగింపులకును కేటాయించు మొత్తమును వచ్చు సంవత్సరమునుండి ఈ ఖర్చులకు మాఱ్పవలెనని తీర్మానమును ప్రతిపాదించుచున్నాము. సొమ్ము ఎవరికెప్పుడు కావలెనో డ్రిల్లు మాష్టరు వ్రాసియిచ్చిన చీటి ప్రమాణముగ నుండవలెను. సంఘపు పెద్దల శిఫారసు ప్రమాణము కారాదు.

ఇందొక చిక్కు కలదు. దానిని దాచి తీర్మానము నెగ్గించుకొనుట మాకిష్టము లేదు. కబడ్డీ బరిలో ఆడువారేడుగురు, జట్టున పండ్రెండుగురు. వారిలో మన సంఘీయుల బిడ్డలు ఇద్దఱో ముగ్గురో యుందురు. మన నిధి మన దాతలది, దానిని మనబిడ్డలకే వెచ్చింపవలెనని పెద్దలనుట న్యాయముగనే తోచును. కాని మనవారిద్దఱికి టిక్కెట్టు కొని తక్కిన పదుగురిని స్టేషనులో నిలిపిన, ఆ యిద్దఱు తిరుపతిలో ఎవరితో గూడి యాడుదురు? శిక్షకుడు మనవాడు కాకపోయినను మనబిడ్డకు పట్టు నేర్పుచునే యున్నాడు గదా! మనబిడ్డ యొక్కడున్నను జట్టు మొత్తమునకు ఖర్చు ఇయ్యవలెనని తీర్మానమున రెండవ వాక్యముగ చేర్చితిమి. ఈ వాక్యమునకు కార్యవర్గమున ఇదివఱకే యభ్యంతరము కలదని యెఱుగుదుము. అభ్యంతరము గల పెద్దలు దయచేసి ఈ పూటనే, ఈ వేదికపైననే, తమ మాట చెప్పవలెనని కోరుచున్నాము. జిల్లాపోటీలకు పేర్లు పంపు గడువు మన మఱుసటి మహాసభ వఱకు ఆగదు.